రాసేదీ బాణీ కట్టేదీ ఒక్కరే అయితే

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడినవాళ్ళకు ఇక్కడే పిల్లలు, మనవలు పుట్టారు. అయినా ఈ దీవుల మీద పుట్టిన తెలుగు పాట ఏదని అడిగితే చప్పున ఒక్కటీ నోటికి రాదు. పండగ వేదికల మీద మోగేవి ఎక్కువగా సినిమా పాటలే. వాటిని తప్పుపట్టను. కానీ ఎక్కడో ఒకరు రాసి, ఇంకొకరు బాణీ కట్టి, మరొకరు పాడిన పాటను తెచ్చి వినిపించుకోవడమే సంగీతమని సరిపెట్టుకుంటే, ఇక్కడి బతుకు పాటలోకి రాదు. ఆ ఖాళీ పూడాలంటే మనం బాలాంత్రపు రజనీకాంతరావును మళ్ళీ చదవాలి, వినాలి.

1920లో నిడదవోలులో పుట్టిన రజని వేంకట పార్వతీశ్వర కవుల్లో ఒకరైన వేంకటరావు గారి అబ్బాయి. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. ఆయన పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. 1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైన వేళ మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి గొంతులో తెలుగువాళ్ళు విన్న స్వేచ్ఛాగీతానికి మాటా బాణీ రెండూ ఆయనవే. అప్పటికి రెండేళ్ళ ముందే 'స్వర్గసీమ' సినిమాలో ఆయన బాణీకి భానుమతి పాడిన పావురం పాట ఊళ్ళన్నీ తిరిగింది. రేడియో ఉద్యోగి కనుక ఆ పాటకు ఆయన తన పేరు వేసుకునే వీల్లేకపోయింది. అందులో 'బ్లడ్ అండ్ శాండ్' అనే హాలీవుడ్ సినిమాలోని కూనిరాగం ఛాయ ఉంది. అయినా విన్నవాళ్ళు దాన్ని పరాయి పాట అనుకోలేదు. ఎక్కడ విన్న స్వరమైనా తెలుగు పలుకుకు తగ్గట్టు వంచుకోగల చెయ్యి అది. తర్వాత విజయవాడ కేంద్రం నుంచి వచ్చిన భక్తిరంజని తెల్లవారుజామున ఎన్ని ఇళ్ళను లేపిందో చెప్పనక్కర్లేదు. ఇంత పని మధ్యలోనే క్షేత్రయ్య, త్యాగయ్యల పరంపరను తవ్వి తీసి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తన పనికి పూర్వులెవరో తెలుసుకుని మరీ పాట కట్టిన మనిషి. ఈ లక్షణం మన పాటగాళ్ళలో అరుదని నా అభిప్రాయం.

ఆయన పేరు ఈ కాలం పిల్లలకు తెలియదు కదా, ప్రభావం ఎక్కడుందని అడగవచ్చు. పేరు గుర్తుండటం వేరు, పద్ధతి మిగలడం వేరు. రేడియో లలిత సంగీతమంటే ఇలా ఉండాలని చెవులకు అలవాటు చేసినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆ అలవాటు పడిన శ్రోతలకు ఆయన పేరు తెలిసినా తెలియకపోయినా ఒకటే. ఇంకొక అభ్యంతరం గట్టిది. అప్పట్లో అందరికీ వినిపించేది రేడియో ఒక్కటే, అందుకే ఆయన పాట అంత దూరం పోయింది, ఫోను ఉన్న ఈ రోజుల్లో ఆ ఉదాహరణ పనికిరాదని. సగం నిజమే. అయితే ఆ రేడియోలో ఆంక్షలూ తక్కువేం కాదు. 1940లో హార్మోనియాన్ని ఆకాశవాణి గాలిలోకి రానివ్వకుండా నిషేధించింది. దాని మెట్ల మీద గమకం పలకదని వాదన. సడలింపు 1971 దాకా రాలేదు. అంటే రజని రేడియోలో పాటలు కట్టిన ఏళ్ళలో ఎక్కువభాగం, పాట కట్టేవాడికి అన్నిటికంటే సులువుగా దొరికే మెట్ల వాద్యానికి ప్రసారంలో చోటు లేదు. ఇవాళ చర్చిలో, బడిలో, అద్దె ఇంట్లో కూడా కీబోర్డు ఉంటుంది. పాట రికార్డు చేయడానికి ఫోను చాలు. వసతి లేదన్న సాకు మనకు లేదు.

కూలికీ వేటకీ పోయేవాళ్ళకు పాట రాసే తీరిక ఎక్కడిదంటారు కొందరు. వల లాగే చోట, నాట్లు వేసే చోట పాట పుట్టించింది తీరిక ఉన్నవాళ్ళు కాదు గనుక ఆ మాట నిలవదు. కొరవడింది చోటు. స్థానిక ఆకాశవాణి కేంద్రం వారానికో అరగంట దీవుల్లో రాసి బాణీ కట్టిన తెలుగు పాటలకే కేటాయించాలి. తెలుగు సంఘాలు పండగ ఖర్చులో కొంత తగ్గించి, ఇక్కడి పిల్లలు కట్టిన పాటకు పారితోషికం ఇవ్వాలి. మొదటి పాటలు బాగుండకపోవచ్చు. ఓడ రేవులో ఆగిపోయిన రోజు, తుపాను హెచ్చరిక, బెంగాలీ పొరుగింటి పిలుపు, వానాకాలం ఎండని చేప, ఇవన్నీ వాటిలోకి వస్తే చాలు.