బీగము మాట విననప్పుడు

మోటారుకారు తలుపు తీగయేమియు లేకయే, చేతిలోని చిన్న మీట నొక్కినంతనే తెరచుకొనుట నేటి బాలురకు వింత గాదు. 1980వ దశకపు తొలినాళ్లలో ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ తన ఫ్యూగో కారునకు ఇట్టి సౌకర్యమును కల్పించినది. నేడు హోసూరు వీథులలో అది సామాన్యము. (మన ప్రాంతమున 'బీగ' మనుటయే వాడుక. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున 'తాళ' మనువారు పెక్కురు. రెండును మనవే; విద్యార్థులు రెంటిని ఎరుగవలయును.) అయితే ఆ బీగము ఒకనాడు మాట వినకపోయినచో మనము చేయుచున్నదేమి? "చెడిపోయినది" అని ఒక్క మాట అని, బండిని మరమ్మతు అంగడికి తోలి, వారు చెప్పినంత చెల్లించి వచ్చుచున్నాము. ఈ పద్ధతి తగదని మా అభిప్రాయము.

'చెడిపోయినది' అనునది తీర్పే గాని పరిశోధన గాదు. పద్యము నడక కుంటుపడినట్లు తోచినప్పుడు మనము పద్యమంతయు కొట్టివేయుదుమా? పాదము వెంట పాదము, గణము వెంట గణము విడదీసి తప్పిన చోటు పట్టుకొందుము. బీగమునకును ఇదియే వరుస. మీట నొక్కిన క్షణమున జరుగు పనిని ఒక గొలుసుగా భావింపుడు. రిమోటులోని నాణెమంత సెల్లు విద్యుత్తు నిచ్చును. ఆ విద్యుత్తుతో, మన దేశమున సాధారణముగా సెకనునకు 43 కోట్ల 39 లక్షలకు పైబడిన కంపనములు గల రేడియో తరంగము పుట్టును. దానిపై ఒక సంకేతము పయనించును. కారులోని గ్రాహకయంత్రము ఆ సంకేతమును పోల్చుకొని, ఒక్కొక్క తలుపులో దాగియున్న చిన్న మోటారునకు విద్యుత్తు పంపును. మోటారు ఒక దిక్కునకు తిరిగిన గడియ పడును. విద్యుత్తు దిశ మారిన గడియ తొలగును. ఈ గొలుసున ఏ లంకె తెగినను పైకి కనబడు ఫలిత మొక్కటే, తలుపు కదలదు.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న: కదలనిది ఒక తలుపా, అన్ని తలుపులా? ఒక్కటే యైనచో రిమోటును నిందింపరాదు. ఆ తలుపులోని మోటారు అరిగియుండును, లేదా కీలు వద్ద రబ్బరు గొట్టములో నుండి పోవు తీగ తెగియుండును. తలుపు వేలమార్లు తీసి వేయుచుండగా ఆ తీగ వంగి వంగి విరుగుట కద్దు. అన్నియు కదలనిచో, చోదకుని ప్రక్కనున్న లోపలి మీట నొక్కి చూడవలయును. దానికి తలుపులన్నియు లోబడినచో మోటారులు, తీగలు బాగుగనే యున్నవి. లోపము రిమోటునందో గ్రాహకమునందో కలదు. లోపలి మీటకును పలుకనిచో ఫ్యూజును, 12 వోల్టుల పెద్ద బ్యాటరీని అనుమానింపవలయును. దీపములు మసకబారినచో బ్యాటరీయే దోషి. ఇంట రెండవ రిమోటున్న దానితోను పరీక్షించుట మరువరాదు. అది పనిచేసెనా, వెదకులాట సగము ముగిసినట్లే.

రిమోటునందు తరచుగా దోషము సెల్లుదే. మునుపు ఇరువది అడుగుల నుండి పలికిన బీగము తలుపు చెంతకు వచ్చిననే పలుకుచున్నదనిన, సెల్లు క్షీణించుచున్నదని అర్థము. పెక్కు రిమోటులలో నుండునది సి.ఆర్. 2032. ఆ అంకెలు ఊరక పెట్టినవి గావు: 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము. దాని బలము 3 వోల్టులు. క్రొత్త సెల్లునకును ఫలము లేకున్న, దానిని తాకు లోహపు రేకు వంగెనేమో, తుప్పు పట్టెనేమో చూడవలయును.

సంకేతము ప్రతి నొక్కునకును మారుచుండును. దొంగ ఒకమారు పట్టిన సంకేతము మరల పనికిరాకుండుటకై ఈ ఏర్పాటు. పసిబాలుడు కారునకు దూరముగా కూర్చుండి రిమోటును ఆటవస్తువుగా అదేపనిగా నొక్కినచో, రిమోటు లెక్క ముందునకు పోయి, కారు లెక్క వెనుకబడి, రెండును ఒకదాని నొకటి గుర్తింపకపోవచ్చును. వాటిని మరల కలుపు విధము కారుతో నిచ్చిన పొత్తములో నుండును. ఒక తలుపు సరిగా మూయకున్నను, దగ్గర వేరు రేడియో పరికరము అడ్డుతగిలినను రిమోటు పలుకకపోవుట కలదు. బండిని కొంత దూరము జరిపి చూచుటకు ఖర్చేమి?

తెలుగు మాధ్యమపు చదువు యంత్రములకు పనికిరాదని కొందరు తల్లిదండ్రులు మాతో ననుచుందురు. పై విచారణ యంతయు తెలుగుననే సాగినది. ఆంగ్లమున నున్నది ఆ పొత్తము మాత్రమే. దాని నొక పుట నిఘంటువు సాయమున పిల్లలచేత చదివింపుడు. కారణము వెదకు పనిని వారి భాషలోనే వారిని చేయనిండు.

పని తెలిసినవానిని మేము తక్కువ చేయుట లేదు. తలుపు పలక విప్పుట, గ్రాహకమునకు క్రొత్త రిమోటును నేర్పుట వారి పనులే. కొన్ని కార్ల తలుపులలో గాలిసంచియు నుండును. కాని "లోపలి మీటకు పలుకుచున్నది, రెండు రిమోటులకును పలుకదు" అని చెప్పగలవానికిని, "చెడిపోయినది" అనువానికిని అంగడిలో లభించు సమాధానములు వేరు. మొదటివానికి అక్కరలేని సామాను అంటగట్టుట కష్టము.

పెక్కు రిమోటుల లోపల లోహపు తాళపుచెవి యొకటి దాగియుండును. అది తీయు విధము ఇంటిల్లిపాది ఎరుగవలయును. ఏడాదికి కొన్నిమార్లయినను దానితో తలుపు తీయుచుండవలయును. వాడని బీగము బిగుసుకొనును. మూసిన కారులో పసిబిడ్డ చిక్కుకొన్నప్పుడు మాత్రము ఈ పరీక్షలకు సమయము లేదు. ఎండలో పది నిమిషములకే లోపలి వేడిమి పది డిగ్రీలు పెరుగగలదు. తాళపుచెవి చేత లేనిచో బిడ్డకు దూరముగా నున్న అద్దమును పగులగొట్టుడు.

తీసివేసిన సెల్లును బల్లపై విడువకుడు. దానిని మ్రింగిన శిశువునకు రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును. మ్రింగెనను అనుమానము కలిగినను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును.