కల్లుకుండలో మత్తుమందు

పసుపు సరకును నిర్ణయించుటలో ఆర్మూరు ప్రాంతపు రైతును గాని వర్తకుని గాని మోసగించుట సులభము కాదు. కొమ్మును విఱిచి లోని వర్ణమును జూచి దాని గుణమును చెప్పగల నేర్పరులు వీరు. రంగు కలిపిన పసుపు సంతకు వచ్చినచో తగవు పడక విడుచువారు లేరు. అట్టి సీమలో, పగలెల్ల చేలలో శ్రమించిన కూలివాడు సాయంకాలమున త్రాగు కల్లులో నేమి కలిసియున్నదో విచారించువారు మిక్కిలి అరుదుగా నుండుట శోచనీయము.

చెట్టునుండి దిగి సహజముగా పులిసిన తాటికల్లులో గాని ఈతకల్లులో గాని సారాయిపాలు స్వల్పము. కాని నేడు పెక్కు దుకాణములలో అమ్ముడుపోవునది ఆ కల్లు కాదు. చెట్లు తక్కువ, త్రాగువారు ఎక్కువ. ఆ కొఱతను నీటితోను, సాక్రిన్‌తోను, క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, అల్ప్రజోలం అను మత్తుమందులతోను పూరించుచున్నారని ఆబ్కారీ అధికారుల దాడులలో పలుమారు వెల్లడియైనది.

ఈ మందులు వైద్యుని చేతిలో నున్నంతవఱకు ఉపకారులే. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మను శాస్త్రజ్ఞుడగు లీబిగ్ 1832లో తయారుచేయగా, 1869లో లీబ్రైఖ్ దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టెను. డయజిపాం 1963లో వాడుకలోనికి వచ్చెను. మందులు మనస్సును, నడవడిని ఎట్లు మార్చునో కొలతలు వేసి తెలిసికొను శాస్త్రమునకు క్రెపెలిన్ 1892లో ప్రకటించిన గ్రంథము పునాది వేసినది. ఆయన పరీక్షించిన పదార్థములలో సారాయియు, క్లోరల్ హైడ్రేటును రెండును గలవు. ఆయన ప్రయోగశాలలో కొలిచి యిచ్చిన వానినే నేడు మన పల్లెలలో కొలత లేక కుండలలో కుమ్మరించుచున్నారు.

శాస్త్రము తెలుపు విషయ మిది. మెదడులో గాబా యను ద్రవ్యము నాడీకణముల ఉద్రేకమును అణచుచుండును. డయజిపాం, అల్ప్రజోలం ఈ ద్రవ్యముయొక్క బలమును హెచ్చించును. నిత్యము ఇట్టి మందు లభించుచుండగా మెదడు క్రమముగా తన సహజమైన అదుపును సడలించుకొనును. అట్టి స్థితిలో మందు హఠాత్తుగా ఆగెనా, వణకు, నిద్రలేమి, భ్రాంతి, మూర్ఛలు కలుగును, ప్రాణమే పోవచ్చును. మోతాదు మించెనా, సారాయితో గూడి శ్వాసనే అణచివేయును. త్రాగువానికి రెండువైపులను గండమే.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు సాగించి మందుల రాకను అడ్డగింపగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో అనేకులు వణకుచు, వెఱ్ఱిమాటలాడుచు, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరిరి. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకును రోగులు వెల్లువగా వచ్చిరి. తాము త్రాగునది కల్లే యని నమ్మినవారికి, తాము మందునకు బానిసలమైతిమని ఆనాడే తెలిసినది. 2025 ఏప్రిలులో కామారెడ్డి జిల్లా పల్లెలలో కల్తీకల్లు త్రాగి పలువు రస్వస్థులైరి. ఆ జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కొందఱు ప్రాణములనే కోల్పోయిరి.

త్రాగుబోతుల పాపము త్రాగుబోతులదే యని కొందఱందురు. తన కుండలో నేమున్నదో ఎఱుగనివానిపై ఆ నిందను మోపుట న్యాయము కాదు. కల్లునే నిషేధింపవలెనని మఱికొంద ఱందురు. అట్లు చేసినచో చెట్టెక్కి కష్టపడి బ్రతుకు గీతకార్మికుడు నష్టపడును. పొడి అమ్మినవాడు మఱియొక దారి వెదకుకొనును.

కాబట్టి చేయవలసిన కార్యములు స్పష్టము. ప్రతి దుకాణమునకు గల చెట్ల లెక్కను, అమ్మకపు లెక్కను పోల్చి చూచినచో కల్తీ దానంతట బయటపడును. డయజిపాం, అల్ప్రజోలం 1985 నాటి మాదకద్రవ్య చట్టమునకు లోబడినవి. కనుక చిల్లర విక్రేతను పట్టుకొని తృప్తిపడక, మూటలు పంపువానివఱకు విచారణ సాగవలెను. దాడులకు ముందే ఆర్మూరు మొదలగు చోట్ల ఆసుపత్రులలో వైద్యులను, మందులను సిద్ధపఱచి, వ్యసనపరులకు మోతాదును వారముల తరబడి క్రమముగా తగ్గించు చికిత్స ఏర్పఱుపవలెను. చట్టము ముందు వచ్చి వైద్యము వెనుక వచ్చిన ఫలమెట్టిదో 2015లో చూచితిమి.

మన పాఠకులలో భూస్వాములు, గ్రామపెద్దలు పలువురు గలరు. వారి కొక మాట. కొన్ని గ్రామములలో అభివృద్ధి కమిటీలే కల్లు అమ్మకపు హక్కును వేలము వేసి సొమ్ము గడించుచున్నవి. పాట హెచ్చినకొలది కుండలో పొడియు హెచ్చును. గుడికో, బాటకో చేరు ఆ సొమ్ము కూలివాని నరములనుండి పిండినదే. ఈ వేలములను మానుట ప్రభుత్వముతో పనిలేకయే మన చేతిలోనున్న కార్యము. 2025లో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు వెలసినది. పంటకు మేలు కలుగుగాక. కాని ఆ పంటను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టు చేతులు వణకుచుండగా ధర పలికి మాత్రము లాభమేమి?