తాడు లాగితే ఎవరొస్తారు?
మన కంపెనీల్లోకి టొయోటా తరహా ‘లీన్’ పద్ధతి రాగానే ముందు గోడలకు పోస్టర్లు వెలుస్తాయి, తర్వాత రెండ్రోజుల ట్రైనింగ్, ఆఖరికి ఓ సలహాల పెట్టె. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో అడక్కండి. లీన్ అసలు సంగతి ఓ పాత ఫ్యాక్టరీ కథలో ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ తన కార్ల ఫ్యాక్టరీని 1982లో మూసేసింది. గైర్హాజరీలు, గొడవలు, నాసిరకం బండ్లు. నింద ఎక్కువగా పడింది కార్మికుల మీదే. 1984లో టొయోటాతో కలిసి ‘న్యూమీ’ (NUMMI) పేరుతో మళ్లీ తెరిచినప్పుడు తీసుకున్నది చాలావరకు ఆ పాతవాళ్లనే. కొద్దికాలానికే అక్కడి నాణ్యత జపాన్ ఫ్యాక్టరీలకు దీటుగా నిలిచింది. మనుషులు వాళ్లే, పని చేయించే తీరు మారింది. అక్కడ లైను వెంబడి ఒక తాడు ఉండేది. బోల్టు సరిగ్గా బిగియకపోతే కార్మికుడు దాన్ని లాగేవాడు. దీపం వెలిగేది, టీమ్ లీడర్ సాయానికి వచ్చేవాడు. బండి ఆ స్టేషన్ దాటేలోగా లోపం సరికాకపోతే లైను ఆగేది. తాడు ఎవరైనా కట్టించగలరు. లాగినవాణ్ణి కసరకుండా ఉండటమే మన బాసులకు చేతకాని విద్య. రిలీజ్‌కు ముందురోజు సాఫ్ట్‌వేర్‌లో తప్పు చూపించిన జూనియర్‌ని ‘ఇప్పుడా చెప్పేది?’ అని గదమాయించే ఆఫీసులో ఇంకో సలహా ఎందుకు పుడుతుంది? పోస్టర్ల డబ్బు మిగుల్చుకుని, ముందు మీ టీమ్ లీడర్లకు ట్రైనింగ్ ఇప్పించండి.