ఏసీ లేని పాత ఇంటికి ధర ఎంత?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పాత ఇల్లు అమ్మకానికి వస్తే బేరమంతా స్థలం చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని గజాలు, గజం ఎంత? అది మండువా లోగిలి కావచ్చు, బెంగుళూరు పెంకుల ఇల్లు కావచ్చు, దూలాల మీద వేసిన మద్రాసు టెర్రస్ కావచ్చు, మధ్యవర్తి చెప్పేది మాత్రం "స్థలం రేటుకే" అని. అక్కడితో ఆగినా బాగుండేది. కూల్చడానికి అయ్యే ఖర్చు కూడా ధరలోంచి తగ్గించమంటారు. టేకు తలుపులు, దూలాలు మాత్రం పాత కలప కొనేవాడు ఎంతకు తీసుకుంటాడో విడిగా లెక్క కడతారు. విప్పితే విలువ ఉన్న ఇంటికి నిలబడి ఉంటే విలువ లేదన్నమాట. ఈ తగ్గింపుకు చెప్పే కారణాల్లో ఈమధ్య అన్నిటికన్నా ముందుకు వచ్చింది ఏసీ. పై కప్పు ఎత్తు ఎక్కువ, గది మూసుకోదు, వైరింగు ఆగదు, కాబట్టి ఈ ఇల్లు పనికిరాదు అంటారు. ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. ఏసీ లేకపోవడాన్ని లోపంగా రాసుకునే బజారు, ఆ ఇల్లు ఇన్నేళ్లు ఏసీ లేకుండా ఎలా గడిచిందో అడగడం లేదు.

ఈ నేల ఎండ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వేసవి వార్తల్లో పల్నాటి రెంటచింతల పేరు కనిపించని ఏడాది అరుదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. పొలంలో, రోడ్డు మీద పనిచేసేవాళ్లకు తగిలే ఎండ ఒక ఎత్తు. ఇంట్లో ఉండే ముసలివాళ్లకు, పసిపిల్లలకు రాత్రిపూట కూడా దిగని వేడి మరో ఎత్తు. పగలంతా కాగిన ఒంటికి రాత్రయినా చల్లబడే అవకాశం లేకపోతే వడదెబ్బ ముదురుతుంది. నాలుగైదు అంగుళాల సిమెంటు శ్లాబు చేసే పని సరిగ్గా అదే. పొద్దుటినుంచి తాగిన ఎండను సాయంత్రం నుంచి గదిలోకి దించుతుంది. పై అంతస్తులో ఉండేవాళ్లు రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే ఈ సంగతి తెలుస్తుంది. అందుకే అక్కడ ఏసీ సౌఖ్యం కోసం కాదు, ఆ కట్టడంలో నిద్ర పట్టడం కోసం కావలసి వస్తుంది. కరెంటు పోతే ఆ నిద్రా పోతుంది.

గానుగ సున్నంతో ఇటుకనో రాయినో పేర్చి కట్టిన అడుగున్నర గోడ వేరుగా పనిచేస్తుంది. బయటి వేడి దాన్ని దాటి లోపలికి చేరేసరికి చీకటి పడుతుంది. అప్పటికి తలుపులు, కిటికీలు తెరుస్తారు, మండువాలోంచి వేడి గాలి పైకి పోతుంది, వీధి అరుగు వైపునుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఎత్తైన కప్పు కింద వేడి గాలి మనిషి తలకు పైన ఉండిపోతుంది. పెంకు పగలు కాగినా పలచన కాబట్టి పొద్దు వాలగానే చల్లారుతుంది, దాని కింద అటక ఉంటే పగటి సెగ కూడా అంతగా దిగదు. అలాగని పాతదల్లా చల్లని ఇల్లు కాదు. పెంకులు ఎవరు సర్దిస్తారులే అని వాటిని దించేసి రేకులు వేసిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. వాటిలో మధ్యాహ్నం కూర్చోవడం కన్నా వేపచెట్టు కింద కూర్చోవడం మేలు. మండువా మీద శ్లాబు వేసి మూసేసిన ఇల్లూ సగం ప్రాణం పోగొట్టుకున్నట్టే. కాబట్టి నా వాదన పాత ఇళ్లన్నిటి గురించీ కాదు, గాలి దారులు, గోడలు, కప్పు చెడని ఇళ్ల గురించి.

కొనేవాళ్ల అభ్యంతరాల్లో నిజం లేకపోలేదు. పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తున్న గదిని, పెంకుల సందుల్లోంచి గాలి పోయే ఇంటిని ఏసీతో చల్లబరచడం డబ్బు దండగ. ఎర్తింగు లేని పాత చెక్కపట్టీల వైరింగు మీద ఏసీ నడపడం ప్రమాదం కూడా. అయితే దీనికి మందు ఇల్లు కూల్చడం కాదు. వైరింగు మొత్తం మార్చి, పడక గది ఒక్కదానికి తక్కువ ఎత్తులో సీలింగు వేయించి, ఆ గదికి మాత్రం ఏసీ పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు కొత్త కట్టడం ఖర్చులో చిన్న భాగం. పల్నాటి వైపు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ నీటి కూలరు చక్కగా పనిచేస్తుంది, వెనకటి వట్టివేళ్ల తడికెల కిటుకు అదే. బాపట్ల, ఒంగోలు తీరంలో గాలిలో చెమ్మ ఎక్కువ, కూలరు అంతగా పనిచేయదు. అక్కడ ఇంటి విలువ గాలి ఎంత ఆడుతుందన్న దాని మీదే ఉంటుంది.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఏసీకి సంబంధించింది కాదు, నేలకు సంబంధించింది. పత్తి పండించే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది, దాని మీది గోడనూ చీలుస్తుంది. పునాది నుంచి కిటికీ మూల దాకా ఏటవాలుగా పాకిన పగులు ఉంటే ఎంత చల్లని ఇల్లయినా ఇంజనీరుకు చూపించకుండా కొనకూడదు. చెద పట్టిన దూలాలు, కోతులు పీకేసిన పెంకులు, పెంకులు సర్దే పనివాళ్లు దొరకకపోవడం, ఇవీ నిజాలే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, అలాంటి గాలికి పెంకు కప్పు భయం ఉండనే ఉంది. వీటిని అమ్మేవాళ్లు దాచకూడదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. అది న్యాయమే. అయితే లోపం చెప్పడానికి చట్టం దారి చూపింది గానీ, ఇంటికున్న మంచి గుణాన్ని రుజువు చేసే కాగితం చూపాలని మాత్రం ఎక్కడా లేదు.

రిజిస్ట్రేషను దస్తావేజులో కట్టడం గురించి రాసేది కప్పు ఏ రకం, విస్తీర్ణం ఎంత, కట్టి ఎన్నేళ్లయింది అని. ఏళ్లు పెరిగితే విలువ తరుగుతుంది. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు ఇంటికి ఇంకెంత ఆయుష్షు ఉందో చూస్తుంది. లోపల మే నెలలో ఎంత వేడి ఉంటుందో రిజిస్ట్రేషను ఆఫీసులోనూ, బ్యాంకులోనూ ఎవరూ అడగరు. చలి దేశాల్లో ఈ ప్రశ్న అడుగుతారు. ఇంగ్లండులో 2007 నుంచి ఇల్లు అమ్మాలంటే దాని ఇంధన ఖర్చు తీరును 'ఏ' నుంచి 'జి' దాకా లెక్కగట్టిన పత్రం ఉండాలి. సెంట్రల్ హీటింగ్ లేని పాత ఇల్లు అక్కడ తక్కువకే పోతుంది, కానీ ఎందుకు తక్కువో కాగితం మీద కనిపిస్తుంది. మనకూ ఆ ఆలోచన లేకపోలేదు. 2018 డిసెంబరులో కేంద్రం విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత కొత్త నివాసాల గోడల్లోంచి, కప్పులోంచి దిగే వేడికి పరిమితులు పెట్టింది. పైన ఏమీ వేయని మామూలు శ్లాబు ఆ పరిమితిలో ఇమడదు. అలాంటి శ్లాబు ఇంటినే మన బజారు పక్కా ఇల్లని ఎక్కువ ధరకు కొంటుంది! మిరప రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీ కట్టేటప్పుడు గోడకు, కప్పుకు వేడి దిగకుండా ఏం వేశారని ముందే అడిగే ప్రాంతమిది. మనుషులుండే గోడ దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఎందుకో పనిచేయదు.

స్థలం ధర ముందు ఇవన్నీ నిలవవని కొందరంటారు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట్ల అది ఒప్పుకోవలసిందే. అక్కడ ఒక అంతస్తు ఇంటి స్థలంలో అపార్టుమెంటు లేస్తుంది, గోడ ఎంత మందమైనా ఆ లెక్కను ఆపలేదు. కానీ వినుకొండ, అద్దంకి, దర్శి, పర్చూరు లాంటి ఊళ్లలో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో పరిస్థితి వేరు. అక్కడ పాత ఇంటిని కొన్నవాడు కూల్చి మళ్లీ తన కుటుంబం కోసమే ఇల్లు కట్టుకుంటాడు. కూల్చిన ఖర్చు, కట్టిన ఖర్చు, ఆపైన ఏటా పెరిగే కరెంటు బిల్లు, అన్నీ అతనివే. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబుల పద్ధతిలో రెండు మూడు ఏసీల ఇల్లు చెల్లించేది మామూలు బిల్లు కాదు. ఇవి కలిపి చూసినవాడు స్థలం రేటుకే అని అంత తేలిగ్గా అనలేడు.

ప్రభుత్వం అలాంటి పత్రాన్ని తప్పనిసరి చేసేదాకా ఆగకుండా అమ్మేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న వారసులు సాధారణంగా సంక్రాంతి సెలవులకు వచ్చి, చలి పొద్దున ఇల్లు చూపించి బేరం ముగిస్తారు. ఆ ఇంటి గుణం కనిపించని కాలం అదే. ఏప్రిల్, మే నెలల్లో రెండు వారాలపాటు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి ఇంట్లో, బయట థర్మామీటరు చూసి రాసి పెట్టాలి. రెండు మూడేళ్ల వేసవి కరెంటు బిల్లులు దానికి జతచేయాలి. పగుళ్ల గురించి ఇంజనీరు రాసిన కాగితం, మార్చిన వైరింగు రసీదు కూడా పక్కన ఉండాలి. మిరప డబ్బు చేతిలో ఆడేదీ ఆ నెలల్లోనే కాబట్టి కొనేవాణ్ణి అప్పుడే, అదీ మధ్యాహ్నం రెండింటికి రమ్మనాలి. ధర సంగతి వీధిలో నిలబడి కాదు, లోపల కూర్చున్నాక మాట్లాడాలి.