సర్వే కొలతకా? కాపలాకా?

అమెరికాకు అధ్యక్షుడెవరైతే మనకేమిటి అనుకునే రోజులు పోయాయి. తెలుగు పల్లెల నుంచి వెళ్లి, అక్కడ పౌరసత్వం పొంది ఓటు వేస్తున్నవారు ఎందరో ఉన్నారు. అక్కడి సర్వే అంకెలు మన రచ్చబండల మీద కూడా చర్చకు వస్తున్నాయి. ఆ అంకెలకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించాలి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టి చూస్తే చాలంటారు. సర్వే సూత్రమూ అదే. కాని మెతుకు ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తారని చెప్పింది. తీరా ఓట్లు లెక్కిస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్టుకే దక్కాయి. ఆ పత్రిక ఎక్కువ పేర్లను టెలిఫోను, మోటారుకారు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకుంది. ఆ మాంద్యం రోజుల్లో అవి పేదవాడి ఇంట ఎక్కడివి?

మూడో అభ్యర్థి విషయంలో సర్వే మరింత తికమక పెడుతుంది. రెండు పెద్ద పార్టీల మీద విసుగెత్తిన ఓటరు వేసవిలో మూడో పేరు చెబుతాడు. నవంబరు వచ్చేసరికి, గెలవనివానికి ఓటు వేసి ఏం లాభమని మనసు మార్చుకుంటాడు. 1980 వేసవిలో జాన్ ఆండర్సన్‌కు సర్వేల్లో 20 శాతానికి పైగా మద్దతు కనిపించింది. చివరకు వచ్చినవి 6.6 శాతం ఓట్లే.

ఇంతవరకు సర్వేను తప్పుపట్టనక్కరలేదు. అది ఆనాటి మాట చెప్పింది, అంతే. అభ్యంతరమల్లా సర్వేను గుమ్మం దగ్గర కాపలా పెట్టడం మీదనే. జాతీయ సర్వేల్లో సగటున 15 శాతం మద్దతు లేనివారిని అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చలకు రానివ్వరాదని 2000లో నిబంధన పెట్టారు. 2024లో చర్చలను టీవీ సంస్థలే నడిపినా 15 శాతం నిబంధన మాత్రం వదలలేదు. 2000 నుంచి మూడో అభ్యర్థి ఒక్కరు కూడా ఆ గడప దాటలేదు.

ఇది న్యాయమేనా? వెయ్యిమందిని అడిగే సర్వేలో మూడు శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని సర్వే చేసేవారే ఒప్పుకుంటారు. అటువంటప్పుడు 14 వస్తే బయట, 15 వస్తే లోపల అనడంలో అర్థమేమిటి? 1992లో రాస్ పెరో జూన్‌లో సర్వేల్లో అందరికంటే ముందున్నారు. జూలైలో విరమించుకుని, అక్టోబరులో మళ్లీ వచ్చారు. అప్పటికి ఆయన మద్దతు పది శాతానికి అటూ ఇటూగా పడిపోయింది. అయినా చర్చలకు పిలిచారు. జనం విన్నారు. దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. నేటి నిబంధన ఆనాడు ఉంటే ఆయన గొంతు వినిపించేదే కాదు. వినిపించనివారికి మద్దతు పెరగదు, మద్దతు లేనివారిని వినిపించనివ్వరు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్నట్లుంది ఈ వ్యవహారం.

మూడోవారు ఓట్లు చీలుస్తారన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లే. అక్కడ రాల్ఫ్ నేడర్‌కు 97 వేలకు పైగా వచ్చాయి. కాని దానికి మందు నోరు నొక్కడం కాదు. మెయిన్ రాష్ట్రంలో 2020 నుంచి అధ్యక్ష ఎన్నికలో ఓటరు మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని వరుసగా గుర్తు పెట్టవచ్చు. మన రాష్ట్రపతి ఎన్నికలో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు చేసేదీ ఇదే. చర్చకు అర్హత కూడా సర్వేతో తేల్చనక్కరలేదు. గెలుపుకు కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లకు సరిపడా రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద పేరు ఉంటే చాలు. ఆ పేరు చేర్చడానికి ఊరూరా తిరిగి సంతకాలు సేకరించడమే పెద్ద పరీక్ష.

సర్వే ఎక్కడిదైనా పాఠకులు నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎవరిని అడిగారు? ఎందరిని? ఎప్పుడు? ఎవరి ఖర్చుతో? జవాబు దొరకని అంకెను పక్కన పెట్టవచ్చు. ఎవరి మాట వినాలో తేల్చవలసింది ఓటరు. ఆ పని వెయ్యిమందికి వచ్చిన ఫోను చేయరాదు.