సొర లేని సొర పొరటు

వంటింటి కబుర్లు

కూతురి పురిటికో కోడలి పురిటికో పార్సిప్పనీకి వచ్చే మన అమ్మమ్మల, నానమ్మల పెట్టెల్లో ఏముంటాయో అందరికీ తెలిసిందే. కాయం డబ్బా, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, పసిబిడ్డకు మెత్తటి పాత చీర ముక్కలు. కాకినాడ, నర్సాపురం, మచిలీపట్నం వైపు వాళ్ళైతే దిగిన వారం లోపల ఇంకో ప్రశ్న కూడా వేస్తారు. "ఇక్కడ సొర దొరుకుతుందా అమ్మా?"

కోస్తాలో బాలింతకు సొర పొరటు పెట్టడం తరతరాల ఆచారం. చిన్న సొరచేపను పాలసొర అంటారు, పాలు పడతాయని నమ్మకం. పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, గుప్పెడు వెల్లుల్లితో వేయించి వేడి అన్నంలో కలిపి పెడతారు. కారం తక్కువ, ముల్లు ఉండదు, తేలిగ్గా అరుగుతుంది. పథ్యం తిండికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఇక్కడే వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ., పర్యావరణ సంస్థ ఈ.పి.ఏ. కలిసి 2004లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్న పిల్లలకు ఒక సలహా ప్రకటించాయి. వాళ్ళు తినకూడదన్న చేపల్లో సొర ఉంది. ఆ సలహాను తర్వాత కొన్నిసార్లు సవరించినా సొర మాత్రం ఆ జాబితాలోంచి కదల్లేదు. కారణం పాదరసం. నీళ్ళలో చేరిన పాదరసం చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి పోతూ మెట్టు మెట్టుకీ పోగుపడుతుంది. ఎక్కువ కాలం బతికే, ఇతర చేపల్ని వేటాడి తినే చేపలో ఎక్కువగా ఉంటుంది. అది కడుపులో ఉన్న బిడ్డకు మావి ద్వారా, పుట్టాక కొంత పాల ద్వారా చేరుతుంది. ఎదిగే మెదడుకు మంచిది కాదు. ఉడికించినా, పసుపు వేసినా, చింతపండు పులుసులో నానబెట్టినా పాదరసం పోదు.

"మేమంతా తిన్నాం, మాకేమైంది?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మన రేవుల్లో కొనేది మూరెడు పిల్లసొర. ఇక్కడ చేపల కొట్లో ముక్కలు కోసి అమ్మే సొర చాలా పెద్దది, వయసు మళ్ళినది కావచ్చు. పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. పైగా ఇక్కడి సలహా చిన్న సొర, పెద్ద సొర అని తేడా చూపదు, మొత్తానికే వద్దంటుంది. కాబట్టి అమ్మగారితోనో అత్తగారితోనో "మీ పద్ధతి తప్పు" అని వాదనకు దిగక్కర్లేదు. "పొరటు నాకు కావాలి, చేప మాత్రం మారుద్దాం" అంటే సరిపోతుంది. పొరటులో ఉన్న మేలు సగం వెల్లుల్లిలోను, సగం చేసిపెట్టే చేతిలోను ఉంది.

వంజరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇండియన్ స్టోర్లలో 'కింగ్ ఫిష్' అని గడ్డకట్టిన ముక్కలు అమ్ముతారు. మన వంజరానికి దగ్గర చుట్టం, ఈ అట్లాంటిక్ తీరంలో దొరికే 'కింగ్ మాకెరెల్'. అది కూడా ఎఫ్.డి.ఏ. వద్దన్న జాబితాలో ఉంది. ప్యాకెట్టు మీద ఏ చేపో, ఏ దేశానిదో స్పష్టంగా లేకపోతే ఇంట్లో గర్భిణి, బాలింత, పసిపిల్లలు ఉన్నప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అలాగని చేపలే మానేస్తే అది ఇంకో పొరపాటు. అదే సలహా గర్భిణుల్ని, పాలిచ్చే తల్లుల్ని వారానికి 8 నుంచి 12 ఔన్సుల దాకా పాదరసం తక్కువున్న చేపలు తినమంటుంది. బిడ్డ మెదడుకీ కళ్ళకీ కావలసిన కొవ్వులు వాటిలో ఉన్నాయి. మంచివాటి జాబితా పెద్దదే: రొయ్యలు, సాల్మన్, సార్డీన్ (మన కవ్వళ్ళు), కాడ్, పొలాక్, తిలాపియా, క్యాట్ ఫిష్, స్క్విడ్, పీతలు. రూట్ 46 మీద ఏ సూపర్ మార్కెట్లో చూసినా వీటిలో సగం దొరుకుతాయి.

ఇక వంటల్లోకి వెళదాం. ఈసారి అన్నీ అరగంట, ముప్పావుగంట పనులే. ఆఫీసు నుంచి వచ్చి చేసుకునేవి, మిగిలితే మర్నాడు డబ్బాలోకి, పిల్లల సాయంత్రం చిరుతిండికి పనికొచ్చేవి.

కాడ్ పొరటు

కావలసినవి: కాడ్ లేదా పొలాక్ ముక్కలు 1 పౌండు, పెద్ద ఉల్లిపాయలు 2, వెల్లుల్లి రెబ్బలు 12, అంగుళం అల్లం, పచ్చిమిర్చి 4 (బాలింతకైతే 1), పసుపు అర టీస్పూను, జీలకర్ర 1 టీస్పూను, మిరియాల పొడి 1 టీస్పూను, కరివేపాకు 2 రెమ్మలు, నూనె 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు, కొత్తిమీర.

చేసే విధానం: చేపకు పసుపు, ఉప్పు రాసి మూత పెట్టి ఎనిమిది, పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. సొరకైతే నీచు వాసన పోవడానికి బాగా ఉడికించి నీళ్ళు పారబోయాలి. కాడ్‌కి ఆ బెడద లేదు. చల్లారాక చేత్తో చిదమండి, ముల్లు ఎక్కడైనా ఉంటే చేతికి తగులుతుంది. బాణలిలో నూనె కాగాక జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేయించండి. ఉల్లిపాయ ఎర్రబడ్డాక చేప వేసి, మంట మధ్యస్థంగా పెట్టి, తడి ఆరి పొడిపొడిలాడే దాకా అట్లకాడతో కదుపుతూ ఉండండి. చివర్లో మిరియాల పొడి, కొత్తిమీర చల్లి దించడమే.

కాడ్ కొనే తీరిక లేనిరోజున డబ్బా సాల్మన్‌తో చేయండి. 14.75 ఔన్సుల డబ్బా ఒకటి చాలు. నీళ్ళు ఒంపేసి నేరుగా పోపులో వేయొచ్చు. అందులో ఎముకలు మెత్తగా ఉడికిపోయి ఉంటాయి, తీసిపారేయకుండా నలిపి కలిపితే కాల్షియం అదనపు లాభం. డబ్బాలోనే ఉప్పు ఉంటుంది కనుక మీరు వేసేది తగ్గించండి. మిగిలిన పొరటులో ఉడికించిన బంగాళాదుంప కలిపి బిళ్ళలు చేసి పెనం మీద కాల్చండి. ముల్లంటే భయపడే పిల్లలు కూడా కెచప్ పెట్టుకుని తింటారు.

గోంగూర రొయ్యలు

రొయ్యల సంచి కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. చేపలు, రొయ్యలు ఏ దేశానివో కొట్లో చెప్పాలన్న నిబంధన ఇక్కడ 2005 నుంచి అమల్లో ఉంది. ఇటీవలి ఏళ్ళలో అమెరికాకు అన్నిటికన్నా ఎక్కువ రొయ్యలు పంపిన దేశం భారతదేశం. మన దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక భీమవరం, నెల్లూరు వైపు చెరువుల రూపమే మారిపోయింది. అంటే పార్సిప్పనీ ఫ్రీజర్లోని రొయ్య మీ మేనమామగారి ఊరి చెరువుదే కావచ్చు. 2025 ఆగస్టులో భారతీయ సరుకుల మీద ఇక్కడి సుంకం 50 శాతానికి చేరినప్పుడు మనకి సంచి ధర గురించే దిగులు. అక్కడ చెరువు కౌలుకు తీసుకున్నవాళ్ళకి ఆ ఏటి సంసారం గురించి దిగులు.

సంచి మీద ఇంకో రెండు విషయాలు చూడండి. 16/20, 31/40 అని ఉండే అంకెలు పౌండుకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెబుతాయి. కూరకు 31/40 చాలు. పదార్థాల జాబితాలో 'రొయ్యలు, ఉప్పు' అని మాత్రమే ఉంటే మేలు. ఫాస్ఫేట్ పేరు ఏదైనా కనిపిస్తే ఆ రొయ్యలు నీళ్ళు పీల్చుకుని ఉంటాయి. పొయ్యి మీద పెట్టగానే ఆ నీరంతా వదిలి వేపుడు కాస్తా పులుసవుతుంది, రొయ్య చిక్కిపోతుంది.

కావలసినవి: ఒలిచిన రొయ్యలు 1 పౌండు, గోంగూర ఆకు 4 కప్పులు, ఉల్లిపాయలు 2, పచ్చిమిర్చి 5, అల్లం వెల్లుల్లి ముద్ద 1 టేబుల్ స్పూను, కారం 2 టీస్పూన్లు, ధనియాల పొడి 1 టీస్పూను, పసుపు, ఉప్పు, నూనె 4 టేబుల్ స్పూన్లు, పోపుకి ఆవాలు, ఎండుమిర్చి.

చేసే విధానం: రొయ్యల్ని రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మరిచిపోతే సంచితో సహా చన్నీళ్ళలో ఉంచండి, వేడి నీళ్ళు వద్దు. గోంగూర, పచ్చిమిర్చి రెండు చెంచాల నూనెలో మగ్గనిచ్చి గరిటెతో మెదిపి పక్కన పెట్టండి. మిగతా నూనెలో పోపు, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేయించి, పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు, రొయ్యలు వేయండి. రొయ్య వంకర తిరిగి ఎర్రబడటానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అంతకు మించితే రబ్బరే. వెంటనే గోంగూర కలిపి ఒక్క ఉడుకు రానిచ్చి దించండి. పులుపు ఎక్కువైతే ఉల్లిపాయ మరొకటి వేయండి కాని పంచదార వేయకండి.

పెరడు ఉన్నవాళ్ళు గోంగూర గింజలు ఏప్రిల్లో ఇంట్లోనే కిటికీ దగ్గర కుండీల్లో మొలకెత్తించి, మంచు భయం పోయాక మే నెల సగంలో బయట నాటండి. అక్టోబరులో మొదటి మంచు పడిందంటే మొక్క ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. ఆ ముందురోజే ఆకంతా దూసి, నూనెలో మగ్గించి, చిన్న సంచుల్లో ఫ్రీజర్లో పెట్టుకుంటే ఉగాది దాకా వస్తుంది.

బ్రసెల్స్ స్ప్రౌట్స్ వెల్లుల్లి కారం

చిట్టి క్యాబేజీల్లా ఉండే వీటిని చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఒక్కసారి ఇలా చేసి చూడండి. పౌండు కాయలు సగానికి కోసి, 2 టేబుల్ స్పూన్ల నూనె, ఉప్పు, పసుపు పట్టించి, కోసిన వైపు కిందికి ఉండేలా ట్రే మీద పరవండి. 425 డిగ్రీల ఓవెన్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచితే అంచులు కరకరలాడతాయి. ఈలోగా 8 వెల్లుల్లి రెబ్బలు, 2 టీస్పూన్ల కారం, 1 టీస్పూను జీలకర్ర, 2 టేబుల్ స్పూన్ల ఎండు కొబ్బరి, తగినంత ఉప్పు కలిపి దంచండి. వేడి మీదే కలిపేయండి. పప్పుచారు పక్కన నంజుకోవడానికి దొండకాయ వేపుడు గుర్తొస్తుంది.

మొక్కజొన్న గారెలు

వేసవిలో రోడ్డు పక్క పొలాల కొట్ల మీద 'జెర్సీ ఫ్రెష్' బోర్డులు చూస్తుంటాం. రాష్ట్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన పేరది. ఆ తీపి మొక్కజొన్న కాల్చుకోవడానికి దివ్యంగా ఉంటుంది కాని మన పొలాల ముదురు గింజలా గారెకు నిలవదు, పాలు ఎక్కువ. కాబట్టి నాలుగు కంకుల గింజల్ని నీళ్ళు వేయకుండా బరకగా రుబ్బి, 4 టేబుల్ స్పూన్ల శనగపిండి, 2 టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, ఉల్లిపాయ ముక్కలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలపండి. ఇంకా జారుగా ఉంటే మరో చెంచా శనగపిండి. పలచగా తట్టి మధ్యస్థ మంట మీద ఎర్రగా వేయించండి.

వాసన గురించి నాలుగు మాటలు

అపార్టుమెంట్లో చేప వండుకోవాలంటే చాలామందికి సంకోచం. అసలు శత్రువు చేప కాదు, పోపు పొగ, తలుపు దగ్గర వేలాడే చలికోట్లు. వండే ముందు కోట్లున్న క్లాజెట్ తలుపు, పడకగదుల తలుపులు మూసేయండి. చిమ్నీ ఫ్యాను పొయ్యి వెలిగించక ముందే వేయండి, వంటయ్యాక పావుగంట తిరగనివ్వండి. చేప కడిగిన నీళ్ళ సింకును నిమ్మచెక్కతో రుద్దండి. పొట్టు, ముళ్ళు సంచిలో కట్టి ఫ్రీజర్లో దాచి, చెత్తబండి వచ్చేరోజు ఉదయం బయట పెట్టండి.

పీతల ప్రియులకు ఒక హెచ్చరిక. వేసవిలో సరదాగా వల పట్టుకుని బయలుదేరేవాళ్ళు న్యూవార్క్ బే, పస్సాయిక్ నది దిగువ భాగం వైపు పోకండి. అక్కడి మట్టిలో పాత రసాయన ఫ్యాక్టరీ వదిలిన డయాక్సిన్ ఉంది. ఆ పీతల్ని పట్టడం, తినడం నిషేధం. ఉడికించినా విషం పోదు. పీతల సరదా తీరాలంటే దక్షిణాన బార్నెగాట్ బే వైపు వెళ్ళండి, పట్టే ముందు అక్కడి నిబంధనలు చదువుకోండి.

పురిటికి వచ్చిన అమ్మగారు ఆరు నెలలుండి వెళ్ళిపోతారు. ఆవిడ చేతి పొరటు కొలతలు ఎక్కడా రాసి ఉండవు, కంటితో చూసి వేసేవే. ఆవిడ ఉండగానే పక్కన నిలబడి చెంచాలతో కొలిచి రాసుకోండి. చేప మారినా ఆ వంట మీ పిల్లలకు అందుతుంది. మీ ఇంటి బాలింత పథ్యం వంటలు మాకు రాసి పంపితే వచ్చే సంచికలో అందరితో పంచుకుందాం. అంతవరకు సెలవు.