ఎంత స్పీడు అని అడిగి మేమే చెడగొట్టినాము



పోయిన వారం కల్యాణమండపం బాడిగ గురించి రాసినాము. ఈ వారం మెటల్ డ్రమ్స్ గురించి. ముసలాయనకి ఈ వయసులో ఇదేం పిచ్చి అని కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, కానీ కడవరకు చదవండి. ఇందులో తప్పు చేసింది మేమే, కాబట్టి చెప్పుకోవాల్సింది కూడా మేమే. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాత రిటైరయినాక పట్టుకున్నది. అక్షరం తప్పితే ఎప్పటి మాదిరే సర్దుకోండి.

మా మనవడికి పదిహేడేళ్ళు. డ్రమ్స్ పిచ్చి వాడికి వాళ్ళ నాయన నుంచి వచ్చింది. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాళ్ళు వాయించినప్పుడు మా పెద్దోడు హోసూరు నుంచి పోయి, గొంతు పోగొట్టుకుని తెల్లవారి ఇల్లు చేరినాడు. వాళ్ళ 1988 నాటి 'వన్' అనే పాటలో రెండు కాళ్ళతో మిషన్ గన్ మాదిరి వాయించే చోటు ఒకటి ఉంది. ఆ చోటు మా ఇంట్లో ఎన్ని వందలసార్లు మోగిందో లెక్క లేదు. చిన్నపిల్లకాయగా ఉన్న మనవడు అది వింటా చెంచాతో పళ్ళెం మీద కొట్టేవాడు. ఇప్పుడు వాడికి సొంత డ్రమ్ సెట్టు ఉంది.

తెలియనివాళ్ళ కోసం కొంచం చెప్తాము. డ్రమ్ సెట్టులో నేలమీద నిలబెట్టిన పెద్దది బేస్ డ్రమ్. మామూలు పాటలకు దాన్ని కుడికాలు ఒక్కటే తొక్కుతుంది. ఎడమకాలు హై-హ్యాట్ అనే జంట తాళాల మీద ఉంటుంది. మెటల్‌లో అట్లా కాదు, రెండు కాళ్ళూ బేస్ డ్రమ్ పనికే దిగుతాయి. రెండు బేస్ డ్రమ్ములు పెట్టుకునే పద్ధతిని మొదట పైకి తెచ్చింది అమెరికాలో జాజ్ వాయించిన లూయీ బెల్సన్. 1960లలో ఇంగ్లండులో జింజర్ బేకర్, కీత్ మూన్ లాంటివాళ్ళు దాన్ని రాక్‌లోకి తెచ్చినారు. 1979లో మోటర్‌హెడ్ వాళ్ళ 'ఓవర్‌కిల్' పాటలో ఫిల్ టేలర్, 1986లో స్లేయర్ వాళ్ళ 'రెయిన్ ఇన్ బ్లడ్' ఆల్బమ్‌లో డేవ్ లొంబార్డో వాయించినాక మెటల్ డ్రమ్మర్లకు అదే బడి అయింది. ఇప్పుడు చాలామంది రెండు డ్రమ్ములు మోసుకుని తిరగరు. ఒకే డ్రమ్ముకు రెండు కొట్టుడు కర్రలుండే డబుల్ పెడల్ పెట్టుకుంటారు. ఎడమ పెడల్ పక్కన దూరంగా ఉంటుంది, దాని తొక్కుడు ఒక ఇనుప కడ్డీ గుండా వచ్చి డ్రమ్మును కొడుతుంది. అందుకే ఎడమది కొంచం బరువుగా తోస్తుంది. అసలే ఎడమకాలు బలహీనం, దానికి తోడు ఇది.

ఇక మా తప్పు.

మనవడు వాయించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం అడిగేది ఒకే ప్రశ్న, "ఇప్పుడు ఎంత స్పీడు?" మేమూ అదే అడిగినాము. వాడు ఫోనులో మెట్రోనోమ్ చూపించి నూట నలభై, నూట అరవై అని చెప్పేవాడు. అంటే నిమిషానికి అన్ని తాళాలు, ఒక్కో తాళానికి కాళ్ళతో నాలుగు దెబ్బలు. రెండు వందలంటే నిమిషానికి 800 దెబ్బలు. ఒక్కో కాలికి 400, సెకనుకు ఆరు దాటి ఏడుకు దగ్గర. లెక్క వేసి చూసినప్పుడు మాకే తల తిరిగింది. అయినా బుద్ధి రాలేదు. ఉగాదికి రెండు వందలు అందుకుంటే మంచి డబుల్ పెడల్ కొనిస్తామని వాడికి మాటిచ్చినాము. పెన్షన్ డబ్బు, ఎవరూ అడగరు కదా అని ధైర్యం.

వాడు దాన్ని పందెంగా తీసుకున్నాడు. ట్యూషన్ ముగించుకుని వచ్చి రోజుకు రెండు గంటలు. స్ప్రింగు బిర్రుగా బిగించినాడు. నడుము నుంచి వేళ్ళదాకా కాలు మొత్తం కట్టె మాదిరి చేసుకుని అదిమేవాడు. నెల తిరిగేసరికి నూట తొంభై అని వీడియో చేసి చూపించినాడు. మేము గర్వంగా మా వీధి చివర ఉండే పెద్దాయనకు చూపించినాము. ఆయన గుడిలో నలభై ఏళ్ళు డోలు వాయించిన మనిషి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తెర వైపు చూడకుండా విన్నాడు. విని, "అబ్బాయికి రెండు కాళ్ళు ఉన్నాయి కదా సామీ, నాకు ఒకటిన్నరే వినిపిస్తా ఉంది" అన్నాడు.

మాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి మళ్ళీ విన్నాము. ఆయన చెప్పింది నిజం. కుడికాలి దెబ్బ గట్టిగా, ఎడమది దాని వెనక నక్కి నక్కి. కొన్నిచోట్ల రెండూ ఒకేసారి పడుతున్నాయి. ఆ వారంలోనే వాడికి మోకాలి కింద, ముందు ఎముక పక్కన కండ పట్టేసి, మెట్లు దిగలేకపోయినాడు. డాక్టరు ఎముకకు ఏమీ కాలేదు, కండ మీద మితిమీరిన భారం పడింది, మూడు వారాలు పెడల్ ముట్టొద్దు అన్నాడు. వాడు ఆ రాత్రి డ్రమ్ సెట్టు మీద దుప్పటి కప్పేసి, "తాతా, నా వల్ల కాదులే, అమ్మేద్దాము" అన్నాడు. మా ఇంటావిడ మా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేము.

ఆ మూడు వారాల్లో మాకు మా టైపు క్లాసు గుర్తుకొచ్చింది. మన వయసువాళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కనివాళ్ళు తక్కువ. లోయర్ పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. మాటకు ఐదు దెబ్బల లెక్కన హయ్యర్ అంటే నిమిషానికి 225 దెబ్బలు, అదీ పది వేళ్ళతో. మొదట్లో మేము తొందరపడి కొడితే ఏమయ్యేది? చిటికెన వేలితో కొట్టే 'ఏ' అక్షరం కాగితం మీద మసకగా పడేది. రెండు అక్షరాల కడ్డీలు ఒకేసారి లేచి ఒకదానికొకటి చిక్కుకునేవి. వేలితో విడదీసి మళ్ళీ మొదలుపెట్టాల. మా మాస్టరు ఏనాడూ మమ్మల్ని ఎంత స్పీడు అని అడగలేదు. కాగితం వెలుతురుకు ఎత్తిపట్టి, అన్ని అక్షరాలూ ఒకే నలుపు ఉన్నాయా అని చూసేవాడు. చిటికెన వేలు బలపడ్డాక స్పీడు దానంతట అదే వచ్చింది. ఆ వేళ్ళే మాకు రైల్వేలో రిటైరయ్యేదాకా అన్నం పెట్టినాయి.

డోలు పెద్దాయన దగ్గరికి మళ్ళీ పోయినాము, ఈసారి మనవణ్ణి తీసుకుని. ఆయనకు మెటల్ తెలియదు, కానీ కాలాలు తెలుసు. తాళానికి ఒకటి కొడితే మొదటి కాలం, రెండు కొడితే రెండో కాలం, నాలుగు కొడితే మూడో కాలం. "నువ్వు వాయించేది మూడో కాలం నాయినా. మొదటి కాలంలో నీ ఎడమ నిలబడిందా?" అని అడిగినాడు. వాడు తలవంచుకున్నాడు.

తరువాత వాడు బెంగళూరులో డ్రమ్స్ నేర్పే ఒకాయన దగ్గర కొన్ని ఆదివారాలు నేర్చుకున్నాడు. ఆయన చెప్పినవి మేము పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాము, గుమాస్తా అలవాటు. మన పిల్లకాయలు ఇంకెవరైనా వాయిస్తుంటే పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాము.

కూర్చునే స్టూలు తొడ కొంచం కిందికి వాలేటంత ఎత్తులో ఉండాల. మరీ కిందికి కూర్చుంటే తుంటి దగ్గర బిగుస్తుంది. బరువు స్టూలు మీద ఉండాల, పెడల్ మీద కాదు. రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తితే మనిషి వెనక్కి పడకుండా కూర్చోగలగాల.

స్ప్రింగు మధ్యస్థంగా. మరీ వదులైతే కర్ర తిరిగి రాదు, మరీ బిగిస్తే కాలు అలిసిపోతుంది. దెబ్బ పడినాక డ్రమ్ముకే అదిమి పట్టకుండా వదిలేస్తే, కర్ర దానంతట అది ఎగిరి వెనక్కి వస్తుంది. ఆ ఎగురును వాడుకోవడమే సగం విద్య.

నెమ్మది వేగంలో కాలు మొత్తం తుంటి నుంచి లేస్తుంది. బాగా వేగంలో అట్లా కుదరదు, మడమ కొంచం పైకి పెట్టి చీలమండ ఒక్కటే ఆడాల. ఈ రెండిటి మధ్య, చాలామందికి 160, 180 ప్రాంతంలో, రెండు పద్ధతులూ పనిచేయని ఒక చోటు వస్తుంది. అక్కడే పిల్లకాయలు బలవంతం చేసి కండలు పాడు చేసుకుంటారు. దానికి మందు ఒకటే. చీలమండ కదలికను నెమ్మది వేగంలోనే విడిగా సాధకం చేసి పెట్టుకోవాల, అప్పుడు ఆ చోటు వచ్చేసరికి కండ తయారుగా ఉంటుంది.

మెట్రోనోమ్ అరవైలో పెట్టి మొదలు. ఎడమకాలు ముందు పెట్టి కూడా వాయించాల. ఒక నిమిషం పాటు చెదరకుండా, రెండు కాళ్ళ శబ్దం ఒకటిగా ఉంటేనే రెండో మూడో అంకెలు పెంచడం. వేగం కావాలంటే ఒక ఆవర్తం వాయించి ఒక ఆవర్తం ఆగడం, అంతే కానీ అయిదు నిమిషాలు పళ్ళు బిగించి లాగడం కాదు. కండ మండితే అలుపు, ఆగి మొదలుపెట్టొచ్చు. ఎముక పక్కన పొడిచినట్టు ఉంటే ఆ రోజుకు లేచిపోవాల. రికార్డు చేసుకుని వినాల, చూడకూడదు.

ఇంకో మాట. ఈ రోజుల్లో డ్రమ్ముకు ట్రిగ్గర్ అనే చిన్న యంత్రం తగిలించి, ప్రతి దెబ్బకూ ముందే రికార్డు చేసిన శబ్దం పలికిస్తారు. అప్పుడు మెత్తటి దెబ్బా గట్టి దెబ్బా ఒకటిగా వినిపిస్తాయి. అది మోసం అని కొందరు అంటారు. మాకు అట్లా అనిపించదు. శబ్దాన్ని అది సమం చేస్తుంది కానీ వరుసను సమం చేయదు. ఎడమకాలు ఆలస్యమైతే ఆ ఆలస్యం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది.

ఇప్పుడు మనవడు నూట ముప్పైలో ఉన్నాడు. వీడియోలో నూట తొంభై చూపినవాడు అరవై మెట్లు దిగినాడు. దిగడానికి వాడికి చానా కష్టమైంది, మొదటి పది రోజులు మాతో మాట్లాడలేదు. కానీ ఆ నూట ముప్పై రెండు కాళ్ళతోనూ ఉంది. పెడల్ కొనిచ్చేసినాము, అంకె ఏదీ అడగకుండా.

మన సంఘం పెద్దలకు రెండు మాటలు.

ఒకటి. పిల్లకాయ ఏది నేర్చుకుంటున్నా, డ్రమ్స్ కానీ కీబోర్డు కానీ తెలుగు పద్యం కానీ, మనం అడిగే ప్రశ్నను బట్టే వాడి సాధకం నడుస్తుంది. ఎంత స్పీడు, ఎన్ని మార్కులు, ఎన్ని లైకులు అని అడిగితే వాడు ఆ అంకెను ఎట్లాగో ఒకట్లా తెచ్చి చూపిస్తాడు. లోపల ఎడమకాలు అట్లాగే ఉండిపోతుంది. "ఏదీ, నెమ్మదిగా వాయించి చూపించు" అని అడగండి. కూర్చుని అయిదు నిమిషాలు వినండి. అంకె అడగడం సులభం, వినడానికే ఓపిక కావాల. మాకు ఆ ఓపిక లేకపోయింది, దాని ఫలం వాడి కాలికి తగిలింది.

రెండు. మన భవనం వెనక గది సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు ఖాళీగానే ఉంటుంది. అక్కడ సాధకానికి అడిగితే, "ఇది మన సంస్కృతి కాదు, కర్ణాటక సంగీతమైతే ఇస్తాము" అని జవాబు వచ్చింది. అన్నలారా, మనం తరాలుగా ఇక్కడ ఉన్నాము. బడిలో తమిళం, బజారులో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటా పెరిగినాము. ఊరు దాటి వచ్చినదాన్ని వద్దని తోసే హక్కు మనకే లేకపోవాల. ఆ పిల్లకాయ సొంత డోలు మాస్టరు దగ్గర కాలాలు నేర్చుకుని బెంగళూరు పాటకు వాయిస్తున్నాడు. అట్లాంటివాడు మన గదిలో కాక ఇంకెక్కడ కూర్చుంటాడు? బేస్ డ్రమ్ములో పాత దిండు కుక్కితే, కింద జంపఖానా పరిస్తే శబ్దం కొంత తగ్గుతుంది. రెండూ మేమే తెచ్చి వేస్తాము. కరెంటు ఖర్చు కూడా మాదే.

వచ్చే నెల మీటింగులో ఇది పెడతాము. ఒప్పుకోనివాళ్ళు ఒకసారి వచ్చి వినండి, విన్నాక వద్దంటే అప్పుడు చూద్దాము. కోప్పడాలనుకునేవాళ్ళు నేరుగా ఫోను చేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మాత్రం వద్దు, మేము పడుకుంటాము. ఇకపై నాలుగు తరువాత ఎట్లాగూ మెలకువగానే ఉంటాము.